ఆర్డరుకు 45 రూపాయలన్నారు, 119 పడింది

చిన్న వ్యాపారం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది గురించి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో వచ్చిన ఆర్డర్లను ఇంట్లోనే ప్యాక్ చేసి పంపుకునేవారు, ఆ పనిని గోదాము ఉన్న సంస్థకు అప్పగించాక, అనుకున్న ఖర్చుకూ చేతికొచ్చిన బిల్లుకూ పొంతన లేక కంగారుపడుతున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది మంగళగిరి. అయిదేళ్లుగా నేత చీరలు, డ్రెస్ మెటీరియల్ సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. పని పెరిగి ప్యాకింగ్ చేసుకోలేక, మన రాష్ట్రంలోనే ఉన్న, సరుకు దాచి ఆర్డర్లు ప్యాక్ చేసి పంపే ఒక ఫుల్‌ఫిల్‌మెంట్ సంస్థకు అప్పగించాం. ఆర్డరుకు 45 రూపాయలని మాట్లాడుకున్నాం. మొదటి నెల 300 ఆర్డర్లు వెళ్లాయి. కొరియర్ ఛార్జీలు కలపకుండానే 29,240 రూపాయల బిల్లు వచ్చింది, దాని మీద జీఎస్టీ వేరు. మమ్మల్ని మోసం చేశారా? బిల్లు నకలు జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: మీ బిల్లును రెండుసార్లు చదివానమ్మా. కూడికలో తప్పు లేదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు కానీ చెప్పవలసినదంతా చెప్పలేదు. మీరు కూడా 45 అన్న అంకె దగ్గరే ఆగిపోయారు. ఆ 45 రూపాయలు మీ చీరను ర్యాక్‌లోంచి తీసి, కవరులో పెట్టి, లేబుల్ అంటించినందుకు మాత్రమే. మిగిలిన పనులన్నిటికీ వేర్వేరు పద్దులున్నాయి.

మీ బిల్లునే వరుసగా చూద్దాం. మీరు పంపిన 420 చీరలను దింపుకొని, లెక్కపెట్టి, కంప్యూటర్లో ఎక్కించినందుకు ఒక్కొక్కదానికి 3 రూపాయల చొప్పున 1,260 తీసుకున్నారు. నిల్వకు 60 బిన్‌లు, అంటే ర్యాక్‌లో 60 గడులు, ఒక్కోదానికి 60 రూపాయల చొప్పున 3,600 అయింది. మీకు చెప్పిన 45 రూపాయల పద్దు 300 ఆర్డర్లకు 13,500. 70 ఆర్డర్లలో రెండో వస్తువు కూడా ఉంది కాబట్టి దానికి పదేసి రూపాయలు వేసి 700 కలిపారు. ప్యాకింగ్ సామగ్రికి ఆర్డరుకు 22 చొప్పున 6,600, సాఫ్ట్‌వేర్ వాడకానికి నెలకు 2,500, తిరిగివచ్చిన 54 పార్సిళ్లను విప్పి చూసి మళ్లీ ర్యాక్‌లో పెట్టినందుకు ఇరవయ్యేసి రూపాయల చొప్పున 1,080. మొత్తం 29,240. వెళ్లిన ఆర్డర్ల మీద పంచితే ఒక్కోదానికి 97 రూపాయల పైచిలుకు. కానీ మీకు డబ్బు వచ్చేది తిరిగిరాని 246 ఆర్డర్ల మీద మాత్రమే కాబట్టి ఖర్చును వాటి మీదే పంచాలి. అలా పంచితే 119 రూపాయలకు అటూఇటూగా తేలుతుంది. ఈ వ్యాపారంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన ధర ఇదే: కొనుగోలుదారు చేతికి అంది, డబ్బు మీ ఖాతాలో పడిన ఆర్డరు ఒక్కోదానికి ఎంత ఖర్చయింది అన్నది.

ఇక 18 శాతం జీఎస్టీ. మీకు మామూలు రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 5,263 రూపాయలను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు, అంటే మీరు కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు కాబట్టి అది ఖర్చు కాదు, కొన్నాళ్లు చేతిలోంచి బయటికి వెళ్లే డబ్బు మాత్రమే. కాంపోజిషన్ పథకంలో (అమ్మకాల మీద ఒక స్థిర శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పథకం) ఉన్నవారికి ఆ క్రెడిట్ రాదు, వాళ్లు ఆ 18 శాతాన్ని రేటులో కలిపి చూసుకోవాలి.

మీకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. ఈ గోదాముల పద్ధతి ఒకేలా ఉండే సరుకు కోసం ఏర్పడింది. ఒకే రకం సబ్బులు వెయ్యి ఉంటే ఒకే కోడ్, ఒకే చోటు సరిపోతాయి. నేత చీరలు అలా కాదు. జరీ అంచు ఒకటే అయినా రంగు మారుతుంది, బుటా మారుతుంది, చాలా డిజైన్లలో ఉండేది ఒక్క చీరే. ప్రతి చీరకూ వేరే కోడ్, వేరే బార్‌కోడ్, కొన్నిసార్లు వేరే గడి కూడా. 420 చీరలకు 60 గడులు పట్టడానికి కారణం ఇదే. కాబట్టి ఉన్న సరుకంతా గోదాముకు పంపకండి. నెల, నెలన్నరలో తప్పక అమ్ముడయ్యే రకాలు, ముఖ్యంగా ఒకే డిజైన్‌లో పదీ పదిహేను ఉండే డ్రెస్ మెటీరియల్, అక్కడ ఉంచండి. ఒంటి చీరలు ఇంటి బీరువాలోనే ఉండనివ్వండి. వాటికి వచ్చే ఆర్డర్లు మీరే పంపుకోవచ్చు.

కొరియర్ పద్దు గురించి మీరు అడగలేదు కానీ, మీరు పంపిన ఫొటోలో అట్టపెట్టె చూశాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కొరియర్ సంస్థలు అసలు బరువునూ, పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. చోటును బట్టి కట్టే ఆ బరువునే వాల్యూమెట్రిక్ బరువు అంటారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. మీ పెట్టె 38, 30, 8 సెంటీమీటర్లు. గుణిస్తే 9,120, భాగిస్తే 1.82 కిలోలు. అరకిలో స్లాబుల లెక్కన రెండు కిలోల కింద జమ. లోపల ఉన్నది 700 గ్రాముల చీర. అదే చీరను 32, 26, 4 సెంటీమీటర్లు దాటని మందపాటి కొరియర్ కవరులో పంపితే 0.67 కిలోలు, అంటే ఒక కిలో స్లాబు. నాలుగు స్లాబుల ఛార్జీ రెండు స్లాబులకు తగ్గుతుంది. కొన్ని ఒప్పందాల్లో 5000 బదులు 4000 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అప్పుడు మీ పెట్టె 2.28 కిలోలై రెండున్నర కిలోల స్లాబులో పడుతుంది. ఆ భాజకం ఎంతో మీ ఒప్పందంలో ఈరోజే చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ రుసుము తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి, చిన్న వ్యాపారులకు చాలామంది వదిలేస్తారు. ప్యాకింగ్ కవర్లు మీరే కొని ఇస్తామని కూడా అడగండి. మీ పేరు అచ్చు వేయించినా 22 రూపాయల కన్నా తక్కువకే రావచ్చు.

ప్రశ్న: పెడన కలంకారీ దుప్పట్లు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతాను. మూడు వంతుల ఆర్డర్లు క్యాష్ ఆన్ డెలివరీయే. పార్సిళ్లు చాలా వెనక్కి వస్తున్నాయి. కొనుగోలుదారుకు ఫోన్ చేస్తే “మా ఇంటికి ఎవరూ రాలేదండీ” అంటున్నారు, కొరియర్ వివరాల్లో మాత్రం “తీసుకోవడానికి నిరాకరించారు” అని ఉంటోంది. దీనికితోడు చేతిలో డబ్బు ఆడటం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా

జవాబు: ఇలా తిరుగు టపాలో వచ్చే పార్సిల్‌ను ఈ రంగంలో ఆర్టీఓ (రిటర్న్ టు ఆరిజిన్) అంటారు. దాని మీద మీకు పడే ఖర్చు ఒకచోట కనిపించదు, నాలుగు చోట్ల చెల్లాచెదురుగా ఉంటుంది. వెళ్లేటప్పటి కొరియర్ ఛార్జీ, వచ్చేటప్పటి ఛార్జీ, గోదాములో విప్పి చూసినందుకు రుసుము, పాడైన ప్యాకింగ్. లెక్క కోసం వెళ్లడానికి 70, రావడానికి 60, విప్పి చూడటానికి 20, ప్యాకింగ్‌కు 22 అనుకుందాం. ఒక్క పార్సిల్ వెనక్కి వస్తే 172 రూపాయలు పోయినట్టు. ఆ దుప్పటి మీద మీకు మిగిలేది 200 అయితే, ఒక పార్సిల్ వెనక్కి వచ్చినప్పుడల్లా ఇంకొక దుప్పటి లాభం దాదాపుగా తుడిచిపెట్టుకుపోతుంది. ఒప్పందంలో క్యాష్ ఆన్ డెలివరీ రుసుము “ఇంత మొత్తం లేదా బిల్లులో ఇంత శాతం, ఏది ఎక్కువైతే అది” అని ఉంటుంది. పార్సిల్ వెనక్కి వచ్చినప్పుడు ఆ రుసుము వేస్తారా, వేయరా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. కొందరు వేస్తారు.

“ఎవరూ రాలేదు” అన్న ఫిర్యాదును తేలిగ్గా తీసుకోకండి. పార్సిల్ అందించలేకపోయిన ప్రతిసారీ కొరియర్ సంస్థ ఒక నివేదిక పెడుతుంది, దాన్ని ఎన్‌డీఆర్ అంటారు. దానికి గడువులోగా మీరు బదులివ్వకపోతే పార్సిల్ దానంతట అదే వెనక్కి బయల్దేరుతుంది. గోదాము సంస్థ ఆ నివేదికలు తానే చూసుకుంటుందని మీరు అనుకుంటారు, మీరు చూసుకుంటున్నారని వాళ్లు అనుకుంటారు. ఆ బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయించండి. వాళ్లదే అయితే కొనుగోలుదారుకు చేసే ఫోన్లకు వేరే రుసుము ఉందేమో కూడా అడగండి. నా అనుభవంలో కొనుగోలుదారుకు మన ఊరి భాషలో, మన మనిషే చేసే ఒక్క ఫోను చాలా పార్సిళ్లను కాపాడుతుంది. ఆర్డరు పంపేముందే ఫోన్ చేసి చిరునామా, గుర్తుగా చెప్పుకునే గుడో బడో అడిగి రాసుకోండి. కొత్తవారి దగ్గర వంద రూపాయలు ముందు తీసుకోండి. కొన్ని ఆర్డర్లు పోతాయి, పోనివ్వండి. వంద ఇవ్వడానికి ఇష్టపడనివారిలో చాలామంది పార్సిల్ వచ్చాక కూడా తీసుకోరు.

చేతిలో డబ్బు ఆడకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కొనుగోలుదారు ఇచ్చిన నగదు మీకు వెంటనే రాదు, డెలివరీ అయిన ఇన్ని రోజులకు అని ఒక లెక్క ఉంటుంది. రోజుకు పదివేల రూపాయల నగదు అమ్మకం ఉండి, గడువు ఎనిమిది రోజులైతే, ఎప్పుడూ 80,000 రూపాయలు బయటే ఉండిపోతాయి. “ముందుగా జమ చేస్తాం” అని రుసుము మీద ఇచ్చే సౌకర్యం నిజానికి అప్పు, అది వడ్డీ. ఆ శాతాన్ని ఏడాదికి కట్టి చూసి, మీ బ్యాంకు వడ్డీతో పోల్చుకోండి. కొరియర్ ఛార్జీలను ఆ నగదులోంచే మినహాయించుకొని మిగిలింది పంపే పద్ధతి ఉంటే, ఏ ఆర్డరుకు ఎంత మినహాయించారో పట్టిక ఇవ్వకపోతే ఒప్పుకోవద్దు. బరువు తేడా అంటూ తరువాత వేసే జరిమానాలు ఆ గుత్త మినహాయింపులోనే కలిసిపోతాయి. వాటి మీద అభ్యంతరం చెప్పడానికి గడువు చాలాచోట్ల కొద్ది రోజులే. ప్రతి రకం పార్సిల్‌నూ తూకం మీద పెట్టి, అంకె కనబడేలా, పక్కన టేపు పెట్టి కొలత కనబడేలా ఫొటోలు తీసి ఉంచుకోండి. అభ్యంతరంతోపాటు చూపించడానికి అవే మీకు ఆధారం.

ప్రశ్న: గుంటూరులో పచ్చళ్లు, పొడులు తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. కొనుగోలుదారులు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి మేడ్చల్ వైపు ఒక గోదాములో సరుకు ఉంచి అక్కడి నుంచే పంపిస్తే కొరియర్ ఖర్చు తగ్గుతుందని ఒక సంస్థవారు చెబుతున్నారు. నిజమేనా?
– పచ్చళ్ల వ్యాపారి, గుంటూరు

జవాబు: కొరియర్ ఖర్చు తగ్గుతుందన్నది నిజమే. కానీ వాళ్లు చెప్పని విషయం ఏమిటంటే, 2014 తరువాత హైదరాబాద్ మీకు పొరుగు రాష్ట్రం. మీ రాష్ట్రంలోనే గోదాము అయితే జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో దాన్ని అదనపు వ్యాపార స్థలంగా చేర్చుకుంటే సరిపోయేది. తెలంగాణలో సరుకు నిల్వ ఉంచి అక్కడి నుంచే అమ్మాలంటే అక్కడ వేరే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అప్పుడు పాన్ ఒకటే అయినా చట్టం దృష్టిలో గుంటూరులోని మీరూ మేడ్చల్‌లోని మీరూ వేర్వేరు వ్యక్తులు. గుంటూరు నుంచి మేడ్చల్‌కు సరుకు పంపడం అమ్మకం కాకపోయినా దాని మీద ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే సరుకు మీద పడే జీఎస్టీ, కట్టాలి. ఆరు లక్షల రూపాయల సరుకు పంపితే, పన్ను 5 శాతం అనుకుంటే 30,000 ముందే కట్టాలి. అది తరువాత తెలంగాణ అమ్మకాల్లో సర్దుబాటు అవుతుంది, సందేహం లేదు. కానీ సరుకు అమ్ముడయ్యేవరకు ఆ డబ్బు ఇరుక్కునే ఉంటుంది. రెండో రిజిస్ట్రేషన్‌కు రెండో వరస రిటర్నులు, వాటికి అకౌంటెంటు ఫీజు. మీరు కాంపోజిషన్‌లో ఉంటే ఈ మార్గమే లేదు, ఆ పథకంలో ఉన్నవారు రాష్ట్రం దాటి సరుకు పంపకూడదు.

ఆహార పదార్థాలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా ప్రాధికార సంస్థ) లైసెన్సు చిరునామాను బట్టి ఉంటుంది. గుంటూరు వంటశాలకు ఉన్న లైసెన్సు మేడ్చల్ గోదాముకు పనికిరాదు. ఆ చిరునామాకు నిల్వ కోసం లైసెన్సు ఉందా, లేకపోతే ఎవరి పేరున ఎవరి ఖర్చుతో తీసుకోవాలి అన్నది సంతకానికి ముందే తేల్చుకోండి. బట్టలు, బొమ్మలు ఉంచే గోదాముల్లో చాలావాటికి అది ఉండదు.

గడువు తేదీ మరొక ఖర్చు. ఆహార పదార్థాలు వినియోగదారుకు అందేసరికి కనీసం 30 శాతం షెల్ఫ్ లైఫ్ గానీ, గడువు ముగియడానికి 45 రోజులు గానీ మిగిలి ఉండేలా చూడాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 నవంబరులో ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. గోదాములో గడువు దగ్గరపడిన సీసాలు వెనుక మిగిలిపోయి, కొత్తవి ముందు వెళ్లిపోతే ఆ నష్టం మీదే. ముందుగా గడువు ముగిసేదే ముందుగా పంపాలన్న షరతు రాయించండి. దానికోసం బ్యాచ్ వారీ లెక్క రాసినందుకు అదనపు రుసుము ఉందేమో అడగండి, చాలాచోట్ల ఉంటుంది.

గాజు సీసాల సంగతి. సీసా పగిలి నూనె కారితే ఆ ఒక్క పార్సిల్‌తో పోదు, పక్కవారి పార్సిల్‌కు మరక పడితే ఆ పరిహారం కూడా మీ మీదకు తోస్తారు. కొరియర్ ఒప్పందాల్లో “ద్రవాలు, కారే పదార్థాలు, గాజు” అన్న మాటలు పరిహారం వర్తించని జాబితాలో ఉంటాయి, అంటే మీరు కట్టే బీమా రుసుము అసలు మీ సరుకుకే వర్తించకపోవచ్చు. ఆవకాయకు, గోంగూరకు గట్టిగా సీలు వేసిన మందపాటి పౌచ్‌లు వాడి, గాజు కోరినవారికే గాజు పంపే పద్ధతి పెట్టుకోండి. బరువూ తగ్గుతుంది.

మీరు రాసిన లెక్క ప్రకారం నెలకు 400 ఆర్డర్లు ఉన్నాయి. ఈ స్థాయిలో మేడ్చల్ ఆలోచన మానుకోమనే చెబుతాను. గుంటూరు నుంచి రాత్రి బయల్దేరిన సరుకు తెల్లవారేసరికి హైదరాబాద్‌లో ఉంటుంది. అంత దగ్గరి ఊరి కోసం రెండు రాష్ట్రాల పన్ను లెక్కలు మోయనక్కరలేదు.

ప్రశ్న: ఏడాది కిందట ఒక గోదాము సంస్థతో ఒప్పందం చేసుకున్నాను. సేవ బాగాలేదు, మారిపోదామంటే “సరుకు తీసుకెళ్లాలంటే వస్తువుకు ఇంత కట్టాలి, బాకీ తీరేవరకు సరుకు కదలదు” అంటున్నారు. వాళ్లకు ఆ హక్కు ఉందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ బాధ నాకు బాగా తెలుసు. నేనూ ఈ దారిలోనే నడిచి దెబ్బతిన్నాను.

కొన్నేళ్ల కిందట ఏటికొప్పాక లక్క బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మేవాడిని. అంకుడు కర్రతో చేసిన కుంకుమ భరిణెలు, బొంగరాలు, చిన్నపిల్లల వంటసామాను. సరుకు అప్పగించిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఏడాది తిరక్కముందే మారాలనుకొని నోటీసు ఇచ్చాను. అప్పుడు తెలిసింది, గోదాములో మిగిలిన 2,140 బొమ్మలను బయటికి ఇవ్వడానికి ఒక్కోదానికి 14 రూపాయలని. 29,960 రూపాయలు. ఒప్పందంలో పద్నాలుగో పేజీలో ఉన్న ఆ మాటను సంతకం పెట్టిన రోజు నేను చదవలేదు. నోటీసు కాలం రెండు నెలలకూ కనీస బిల్లు వేరే.

సరుకు లెక్కపెట్టుకోవడానికి నేనూ మా తమ్ముడూ వెళ్లాం. సిమెంటు నేల మీద దుప్పటి పరిచి, పెట్టె తరువాత పెట్టె విప్పుతూ పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే చీకటి పడింది. ఎర్ర భరిణెల కోడ్ ఉన్న పెట్టెలో పసుపువి ఉన్నాయి. ఒక అట్టపెట్టె అడుగున తేమ తగిలి ఇరవై దాకా బొంగరాల రంగు పొలుసులుగా లేచింది. చివరికి 63 బొమ్మలు తక్కువ తేలాయి. పరిహారం అడిగితే ఒప్పందంలో ఇంకో పేజీ చూపించారు. ఏడాదిలో దిగిన సరుకులో 1 శాతం వరకు తరుగుకు వాళ్ల బాధ్యత లేదని అందులో ఉంది. ఆ ఏడాది నేను 6,400 బొమ్మలు పంపాను, 1 శాతం అంటే 64. పోయినవి 63. ఒక్క పైసా రాలేదు. మూడు నెలలకోసారి వెళ్లి లెక్కచూసుకొని ఉంటే రెండో నెలలోనే తేడా తెలిసేది, ఆ శాతం కూడా మూడు నెలల సరుకు మీద కట్టమని అడిగి ఉండేవాడిని. తప్పు నాది కూడా.

ఇక చట్టం. 1872 నాటి భారతీయ కాంట్రాక్టు చట్టం ప్రకారం మీ సరుకు దాచుకున్నవాడు బెయిలీ. సెక్షన్ 151 ప్రకారం మామూలు వివేకం గల మనిషి తన సొంత సరుకును ఎలా చూసుకుంటాడో మీ సరుకును అలా చూసుకోవాలి. అలా చూసుకున్నా నష్టం జరిగితే, ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప అతని బాధ్యత లేదని సెక్షన్ 152 చెబుతుంది. అందుకే అగ్నిప్రమాదం, వరద, దొంగతనం వంటివాటికి బీమా ఎవరు చేయించాలన్నది ఒప్పందంలో ఉండాలి. బీమా గోదాము గోడలకేనా, లోపలి మీ సరుకుకు కూడానా అని పాలసీ నకలు అడిగి చూడాలి. పాత బాకీలన్నిటికీ సరుకు పట్టి ఉంచుకునే హక్కు సెక్షన్ 171 కింద బ్యాంకర్లు, రేవు గిడ్డంగులవారు వంటి కొద్ది వర్గాలకే తనంతట తానుగా ఉంది. మిగిలినవారికి కావాలంటే ఒప్పందంలో స్పష్టంగా రాసుకోవాలి. కాబట్టి ముందు మీ ఒప్పందంలో “లీన్” (సరుకు పట్టి ఉంచుకునే హక్కు) అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే వాళ్ల పట్టు బలంగానే ఉంటుంది. లేకపోతే, లేదా ఉన్నా వాళ్లు అడుగుతున్న బాకీ వివాదంలో ఉంటే, వివాదం లేని మొత్తాన్ని బ్యాంకు ద్వారా కట్టేసి, మిగిలిన దాని మీద అభ్యంతరాన్ని రాతలో తెలిపి, న్యాయవాది చేత నోటీసు ఇప్పించండి. కోపంతో మొత్తం ఆపేస్తే వాళ్ల చేతికి కారణం ఇచ్చినవారవుతారు. ఈలోగా ఆ గోదాముకు కొత్త సరుకు పంపకండి, ఉన్నదాన్ని అమ్మకాల ద్వారానే తగ్గించండి. ఆర్డరుగా బయటికి వచ్చిన ప్రతి వస్తువూ మీరు “బయటికి ఇచ్చే రుసుము” కట్టనక్కరలేని వస్తువే.

కొత్తగా ఒప్పందం చేసుకునేవారికి నేను చెప్పేది ఇదే. నోటీసు 30 రోజులకు మించకూడదు. తిరిగి ఇచ్చే రుసుము, దింపుకున్నప్పుడు తీసుకున్న రుసుమును దాటకూడదు. పోయిన సరుకుకు పరిహారం కొన్న ధరకా, అమ్మే ధరకా అన్నది అంకెల్లో ఉండాలి. రేట్లు పెంచేముందు 60 రోజుల నోటీసు, ఆ కాలంలో మీరు ఖర్చులేకుండా వెళ్లిపోయే వీలు ఉండాలి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాను. ఇదివరకు ఇండియా నుంచి నేరుగా చీరలు కొనుగోలుదారులకు పంపించేదాన్ని. ఇప్పుడు ఇక్కడే ఒక వేర్‌హౌస్‌లో ఉంచి పంపిద్దామనుకుంటున్నాను. దేని విషయంలో జాగ్రత్తపడాలి?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం లేని పద్ధతి 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది కాబట్టి మీ ఆలోచన అర్థమవుతోంది. అక్కడ చూడవలసింది ముఖ్యంగా రెండు. ఒకటి, యూపీఎస్, ఫెడెక్స్ సంస్థలు పెట్టె కొలతను అంగుళాల్లో గుణించి 139తో భాగించి పౌండ్లు కడతాయి. 15, 12, 3 అంగుళాల చీర పెట్టె నాలుగు పౌండ్ల కింద లెక్కకు వస్తుంది, లోపలిది రెండు పౌండ్లు కూడా లేకపోయినా. రెండు, ఇంటికి అందించే పార్సిల్‌కు రెసిడెన్షియల్ సర్‌ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ, దూరపు ప్రాంతాల సర్‌ఛార్జీ ఉంటాయి. సెలవుల కాలపు అదనపు రుసుములు మీ దీపావళి, సంక్రాంతి అమ్మకాల నెలల్లో కూడా పడవచ్చు. వేర్‌హౌస్‌వారు చెప్పే రేటు ఏ నెలదో అడిగి, నవంబరు నెల రేట్లతో ఇంకొకసారి లెక్క కట్టమనండి. అమ్ముడుపోని చీరలు ఆరు నెలలు దాటితే నిల్వ రుసుము పెరుగుతుందేమో కూడా చూడండి.

ప్రశ్న: నరసాపురం లేసు అల్లికలు అమ్ముతాను. రోజుకు ఆరు ఆర్డర్లు వస్తాయి. నేను కూడా గోదాము సంస్థకు అప్పగించాలా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. నెలకు 180 ఆర్డర్లు. మీకు వచ్చిన ప్రతిపాదనలో కనీస నెలవారీ బిల్లు 15,000 అని ఉంది. అంటే ఆర్డరుకు 83 రూపాయలు, ఇంకా కవరు గానీ కొరియర్ గానీ లెక్కలోకి రాకముందే. అదే ప్యాకింగ్‌కు పూటపని మీద ఒక మనిషిని నెలకు 6,000 రూపాయలకు పెట్టుకుంటే ఆర్డరుకు 33 పడుతుంది, మీ ఊళ్లో ఒకరికి పని కూడా దొరుకుతుంది. లేసు తేలికైన సరుకు కాబట్టి స్పీడ్ పోస్టు మీకు బాగా కలిసివస్తుంది. ఒప్పంద ఖాతా తెరిస్తే పంపే పరిమాణాన్ని బట్టి రాయితీ ఉంటుంది, కొరియర్లు వెళ్లని పిన్‌కోడ్‌లకు కూడా తపాలా వెళ్తుంది.

ఆర్డర్లు రోజుకు ఇరవై దాటి, పండగ రోజుల్లో రాత్రి పన్నెండు దాకా ప్యాకింగ్ చేయవలసి వస్తే అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం. ఆరోజు సంస్థవారు ధరల పట్టిక ఇస్తే తీసుకొని పక్కన పెట్టండి. మీ కిందటి నెల ఆర్డర్ల జాబితా, ఏ పిన్‌కోడ్‌కు ఎన్ని, ఎంత బరువు, ఎన్ని వెనక్కి వచ్చాయి అన్నది వాళ్లకు ఇచ్చి, ఆ నెల పని తమ దగ్గరే జరిగి ఉంటే బిల్లు ఎంత వేసేవారో వరుస వరుసగా రాసి సంతకంతో ఇమ్మనండి. కనీసం ఇద్దరి దగ్గర అలా రాయించి, ఆ రెండు కాగితాలూ నాకు పంపండి, పక్కపక్కన పెట్టి చూసి చెబుతాను.